ఇద్దరికి సరిపడే పడవ

పడవ కొనాలని అత్తా కోడళ్ళు ఇద్దరూ అనుకున్నారు. కానీ ఎందుకు కొనాలన్నది ఇద్దరి మనసుల్లో వేరువేరుగా ఉంది. ముసలమ్మకు పడవంటే కూడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా ఎవరివో వలలు బాగుచేస్తూ, ఎవరివో రొయ్యలు ఒలుస్తూ బతకడం ఆమెకు విసుగెత్తిపోయింది. రోజాకు మాత్రం పడవంటే పెంచలప్రసాద్.

ఆ సంగతి ఆమె అత్తకు చెప్పలేదు. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని సరస్సు గట్టు వెంట నడుస్తుంటే ముసలమ్మే అడిగింది.

"తడ ఊరు దాటితే ఇంకా రెండు పడవల షెడ్లుండాయంట గదమే. పోయిపోయి వాడి కాడే కొనాల్నా? వాడి మొహం చూస్తే నాకు అన్నం దిగదు."

"వాడి కాడే కొనాల అత్తా," అంది రోజా.

"ఎందుకు?"

"చవగ్గా ఇస్తాడు."

ముసలమ్మ కోడలి మొహంలోకి ఒకసారి చూసి నడక సాగించింది. ఈ రెండేళ్ళలో ఆమెకు ఒకటి తెలిసొచ్చింది. రోజా పొట్టిగా జవాబు చెప్పిందంటే ఇక గుచ్చిగుచ్చి అడిగి లాభం లేదు.

రెండేళ్ళ కిందట రోజా మొగుడు చిన్నబాబు ఇదే పెంచలప్రసాద్ దగ్గర ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. ఒక్క సీజనే తిరిగిందని చెప్పి అమ్మాడు ఆ పెద్దమనిషి. ఇంటికి తెచ్చాక మొగుడూ పెళ్ళాం కలిసి దానికి రంగు వేశారు. పసుపు డబ్బా సగమే ఉంటే అందులో మిగిలిపోయిన ఎర్ర రంగు కలిపారు. అది అటు పసుపూ కాక, ఇటు కాషాయమూ కాక, అచ్చం ముద్దబంతి పువ్వులా తేలింది. కొత్తకుప్పంలో ఒక నెలపాటు అందరూ దాన్ని చూసి నవ్వారు. ఎంత దూరాన ఉన్నా చిన్నబాబు పడవని ఇట్టే పోల్చుకునేవారు.

కార్తీక మాసంలో ఒకరోజు, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర, వల లాగుతుండగా ఆ పడవ అడుగు విచ్చుకుంది. పడవలో ఇద్దరే ఉన్నారు. అడుగున తెల్లటి పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడి నీళ్ళలో తేలడం రోజా కళ్ళారా చూసింది. చిన్నబాబు ఐసు పెట్టెను ఆమె వైపు తోసి, కాలికి చుట్టుకున్న వలను విప్పుకోబోయాడు. విప్పుకోలేకపోయాడు. మూడో రోజు దొరికాడు.

విరిగిన పడవ మొగ నుంచి కొట్టుకొచ్చి పెంచలప్రసాద్ షెడ్డు వైపు గట్టుకు తగిలింది. ఎవరూ చూడకముందే పెంచలప్రసాద్ దాన్ని ట్రాక్టరు మీద వేసుకుపోయాడు. ఊరి పంచాయతీలో అడిగితే, ముక్కలు తగిలి వలలు చిరుగుతాయని కాల్చేశానన్నాడు. చిన్నబాబు తాగి ఇసక తిప్పకు గుద్దించాడని కూడా అన్నాడు. జన్మలో తాగని మనిషిని అంతమాట అనేసరికి రోజా ఉండబట్టలేక నలుగురిలో వాడిని హంతకుడా అంది, కాలి చెప్పు తీసి మొహాన కొట్టింది. సాక్ష్యం చూపించమన్నారు. ఆమె దగ్గర ఏముంది చూపించడానికి? ఊరి పెద్దను అక్కడ కాపు అంటారు. ఆ కాపు ముత్యాలయ్య, ఆడది అయినా తప్పు తప్పే, సాగిలపడి క్షమాపణ అడుక్కోమన్నాడు. మొగుడు పోయిన పదిహేడో రోజున రోజా ఇసకలో బోర్లా పడుకుని పెంచలప్రసాద్ కాళ్ళ ముందు చేతులు చాపింది. వాడు వెంటనే లెమ్మనలేదు. జేబులోంచి ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, ఆ తర్వాత లెమ్మన్నాడు.

ఆ ఫోను మాట్లాడినంతసేపూ ఆమె పళ్ళ మధ్య ఉన్న ఇసక రుచి, ఈ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా పోలేదు.

తర్వాత ఆమె పొరుగు రాష్ట్రంలో, సరస్సుకు దక్షిణపు గట్టున ఉన్న పడవల షెడ్డులో కూలికి చేరింది. అచ్చులో గాజు నూలు మ్యాటు పరవడం, దాని మీద రెసిన్ జిగురు పూయడం, ఎండాక గ్రైండరుతో అంచులు నున్నగా కొయ్యడం, అన్నీ నేర్చుకుంది. గాజు నూలు గుచ్చుకుని చేతులు రాత్రింబవళ్ళు దురద పెట్టేవి. అక్కడే బెన్హర్ అనే పనివాడు ఆమె పక్కన పనిచేసేవాడు. ఒకప్పుడు పెంచలప్రసాద్ షెడ్డులో చేసినవాడు. ఆమె ఎవరో తెలిశాక కొన్ని వారాలు మొహం తప్పించి తిరిగాడు. చివరికి ఒకరోజు అన్నం తినేటప్పుడు తనంతట తానే చెప్పాడు.

"అక్కా, మీ పడవ కాల్చలేదు. వెనక సగం బాగుందని చెప్పి, వేరే పడవ ముందు సగానికి అతికించమన్నాడు. నేనే అతికించినా. రెండో అడ్డపలక కింద ఉంటాది అతుకు. పైన తెల్ల రంగు కొట్టినారు. ఒకాయన కొన్నాడు. నీళ్ళు పడతా ఉందని మళ్ళీ తెచ్చి పడేసినాడు. ఇప్పుడు కూడా షెడ్డు వెనకాలే ఉండాది."

రోజా పది రోజులు అతనితో మాట్లాడలేదు. పదకొండో రోజున వెళ్ళి, అతుకు ఎలా వేస్తారో, ఎలా దాస్తారో, ఎలా కనిపెట్టాలో మొత్తం చెప్పమంది. ఒక్కటీ వదలకుండా చెప్పించుకుంది.

అత్తా కోడళ్ళు పెంచలప్రసాద్ షెడ్డు చేరేసరికి అక్కడ జనం బాగానే ఉన్నారు. ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్ పంపుతున్నారు. అది పోయేదాకా ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పదిహేను మంది దాకా షెడ్డు నీడన చేరి బీడీలు కాల్చుకుంటున్నారు. వాళ్ళలో ముత్యాలయ్య కాపు కూడా ఉన్నాడు. రోజాకు తెలుసు. ఈ రోజును ఎంచుకున్నదే అందుకు.

పెంచలప్రసాద్ నాయుడుపేట మనిషి. తెల్ల చొక్కా, చేతికి కాశీ తాడు. వాళ్ళను చూడగానే ఒక్క క్షణం బిగుసుకుపోయి, అంతలోనే నవ్వు తెచ్చుకున్నాడు.

"రా పెద్దమ్మా, రా. ఏందో జరిగిపోయింది. మనసులో పెట్టుకోకూడదు. ఏం కావాల?"

"ఇద్దరికి సరిపోయే పడవ," అంది రోజా. "నేనూ, మా అత్త."

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. రోజా అటు చూడలేదు.

మొదట చూపించింది పెద్దది. నలుగురు ఉంటే తప్ప గట్టెక్కించలేని పడవ. ముసలమ్మే వద్దంది. రెండోది చిన్నది, ఆకుపచ్చది, కొత్తది. అంచులు తక్కువ ఎత్తు. కూర్చునే వల లాగొచ్చు. ముసలమ్మ చీర దోపుకుని దాని ముక్కు దగ్గర భుజం ఆనించి తోసింది. రోజా వెనక నుంచి పట్టింది. ఇద్దరి బలానికే అది ఇసక మీద రెండు బారలు జరిగింది. ముసలమ్మ మొహం విప్పారింది. దాని అడుగు తడిమింది, అడ్డపలక మీద కూర్చుని చూసింది, గెడ వేసే చోట నిలబడి చూసింది. కట్టుకున్న మొగుణ్ణీ కడుపున పుట్టినవాణ్ణీ ఈ నీళ్ళకే పోగొట్టుకున్న మనిషి, ఆ చిన్న పడవలో నిలబడి చిన్నపిల్లలా ఊగింది.

"ఇదే రోజా. మనకు ఇదే."

అత్త అన్నది నిజమే. ఆ పడవలో లోపం లేదు. వేలి కణుపులతో కొట్టి చూస్తే అడుగంతా ఒకే మోత మోగింది. తమ చేతిలో ఉన్నది ఒక్క పడవకు సరిపడే డబ్బే. రోజా వేసుకొచ్చిన ఎత్తు ప్రకారం, ఆ డబ్బుతో తెల్ల పడవ కొని, పంచాయతీ ముందుకు ఈడ్చుకెళ్ళి గీరి చూపించాలి. అప్పుడు కక్ష తీరుతుంది. కానీ మళ్ళీ అత్త ఇంకొకరి రొయ్యలే ఒలుచుకోవాలి.

అయినా ఆమె కాళ్ళు షెడ్డు వెనక్కే నడిచాయి.

తెల్ల పడవ తుమ్మ చెట్ల కింద బోర్లించి ఉంది. రోజా మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు దగ్గర నుంచి కణుపులతో కొట్టుకుంటూ వచ్చింది. టంగు టంగుమంటూ వచ్చిన మోత ఒకచోట బొత్తిగా చచ్చిపోయింది. సరిగ్గా బెన్హర్ చెప్పినచోటే. ఆమె అక్కడే చెయ్యి ఉంచి తల వంచుకుని ఉండిపోయింది.

వెనకే వచ్చిన ముసలమ్మ విసుక్కుంది. "దీన్నేం చూస్తావు? ఇద్దరం మొయ్యగలమా దీన్ని? పచ్చదాన్ని వదిలిపెట్టి ఈ మొద్దెందుకు?"

రోజా చెప్పేసింది. ఇన్నాళ్ళూ దాచింది కాస్తా నాలుగు మాటల్లో చెప్పేసింది.

ముసలమ్మ ఏడవలేదు. వంగి, ఆ పడవ వెనక భాగాన్ని అరచేత్తో నెమ్మదిగా నిమిరింది. ఎండకు కాలిపోతున్న ఫైబరు మీద చెయ్యి తియ్యకుండా చాలాసేపు ఉంచింది. లేచేసరికి ఆమె మొహం రోజా ఎప్పుడూ చూడని మొహంలా ఉంది.

"దీన్ని మనం కొనొద్దు," అంది. "వాడి చేతిలో ఒక్క రూపాయి పెట్టొద్దు. వాణ్ణి దీంట్లో కూర్చోబెట్టు."

మధ్యాహ్నం భూమి అదిరినట్టు మోత వచ్చి, రాకెట్ పొగ గీత గీసుకుంటూ మబ్బుల్లోకి పోయింది. అందరూ ఒకసారి తలెత్తి చూసి, వలలు సర్దుకోవడానికి లేచారు. అప్పుడు ముసలమ్మ అందరికీ వినపడేలా అంది.

"ప్రసాదూ, ఆ వెనకాల ఉండే తెల్ల పడవ మాకు నచ్చింది. నీళ్ళలో వేసి చూపించు."

పెంచలప్రసాద్ మొహం మారింది. "అది మీకెందుకు పెద్దమ్మా? పచ్చది బాగుంది. కావాలంటే తగ్గించి ఇస్తా."

"తెల్లది పెద్దది. నాలుగు చేపలు ఎక్కువ పడతాయి. మంచిదే గదా అది?"

పదిహేను మంది చూస్తున్నారు. "మంచిదే," అన్నాడతను.

"అయితే నువ్వు కూడా కూర్చో. అమ్మేవాడు ఎక్కి చూపించేది మామూలే గదా. ఆడోళ్ళం మేమే ఎక్కుతా ఉండాం, నీకేం భయం?"

మళ్ళీ నవ్వులు వినిపించాయి. ఈసారి అవి వాడి మీద. రోజా ముత్యాలయ్య వైపు తిరిగింది. "మామా, నీ పడవలో నువ్వు కూడా పక్కనే రా. మా బేరానికి నువ్వే సాక్షి." అతను అనుమానంగా చూశాడు కానీ, కాదనలేదు.

పడవను నీళ్ళలోకి దించాక రోజా అందులో తడి వలలు, ఆరు ఇసక మూటలు వేయించింది. చేపలు పడితే అంత బరువు ఉంటుందంది. షెడ్డు ఇంజనే బిగించి తాను వెనక కూర్చుంది. పెంచలప్రసాద్ మధ్యలో, రెండో అడ్డపలక మీద. ముసలమ్మ ముందు. ముత్యాలయ్య పడవ, ఇంకో పడవ వెంట వచ్చాయి.

కొంతదూరం ఏమీ కాలేదు. వెనక గట్టు సన్నటి గీతలా మారింది. పెంచలప్రసాద్ రెండు చేతులతో అంచులు పట్టుకుని, కాళ్ళ కింద ఊరుతున్న నీటినే చూస్తున్నాడు. "చాలు గదా. తిప్పమ్మా."

"ఇంకొంచెం పోదాం," అంది రోజా.

ఎదురుగా మొగ కనిపిస్తోంది. అలలు తెల్లగా విరుగుతున్నాయి. అక్కడికి పోతే ఈ పడవ నిలవదు. వీడికి ఈత రాదని ఊరందరికీ తెలుసు. రోజా చెయ్యి ఇంజను మీద బిగుసుకుంది. ముందు కూర్చున్న ముసలమ్మ వెనక్కి తిరిగి ఆమె కళ్ళలోకి చూసింది. వద్దని ఆ చూపులో లేదు. నీ ఇష్టమన్నట్టు ఉంది. ఆ క్షణంలో రోజాకు ఒకటే అనిపించింది: వీడు చచ్చిపోతే ఏమీ వినడు. వినాలి. అందరి ముందూ వినాలి.

ఆమె పడవను ఎడమకు తిప్పి, నీళ్ళ కింద దాగి ఉన్న ఇసక తిప్ప మీదకు నిండు వేగంతో ఎక్కించింది. మంచి పడవ ఇసక మీద జారి నిలబడుతుంది. ఇది వెన్ను విరిగినట్టు ఫెళ్ళుమంది. రెండో అడ్డపలక కింద అడ్డంగా గీత తెరుచుకుని నీళ్ళు బుసబుసా పొంగాయి. రోజా ఇంజను ఆపేసింది. వెనకొచ్చిన పడవల ఇంజన్లు కూడా ఆగిపోయాయి. చుట్టూ బురదరంగు నీళ్ళు. అడుగు కనపడదు.

"అతుకు ఊడిపోయింది," అని అరిచాడు పెంచలప్రసాద్. "అతుకు. నన్ను అవతల పడవలోకి ఎక్కించండి."

"ఏం అతుకు?" అడిగింది ముసలమ్మ, కదలకుండా.

"రెండు ముక్కలు పెద్దమ్మా. అతికించిందే. దండం పెడతా."

"ఎవరి ముక్క?"

నీళ్ళు అతని మోకాళ్ళకు వచ్చాయి. ఇసక మూటను కౌగిలించుకున్నాడు. "మీదే. మీ చిన్నబాబుదే. కాల్చలా నేను. కాల్చినానని చెప్పినా."

"దానికి ముందు? నా కొడుక్కి అమ్మినప్పుడు?"

అతను ఏడుస్తున్నాడు. "అప్పుడు కూడా పగిలిందే. పుట్టీ పెట్టి రంగు కొట్టి ఇచ్చినా. తెలిసే ఇచ్చినా. అంత పనవుతుందని అనుకోలా తల్లీ. నన్ను కాపాడండి."

ముత్యాలయ్య పడవలో నలుగురు, ఇంకో పడవలో ముగ్గురు. అందరూ విన్నారు. ఎవరూ చెయ్యి చాచలేదు.

అప్పుడు ముసలమ్మ చీర ఎత్తి పట్టుకుని, పడవ అంచు దాటి నీళ్ళలోకి అడుగు వేసింది. వేసి నిలబడింది. నీళ్ళు ఆమె నడుము దాకా కూడా లేవు.

"దిగు నాయనా," అంది. "మునగవులే."

రెండు పడవల్లోంచీ ఒక్కసారిగా నవ్వు లేచింది. రోజా మాత్రం నవ్వలేదు. ఇసక మూటను కౌగిలించుకునే ఉన్న ఆ మనిషిని తృప్తిగా, కళ్ళు తిప్పుకోకుండా చూసింది. ముత్యాలయ్య నీళ్ళలోకి దిగి, విరిగిన పడవ వెనక భాగాన్ని చేపలు కోసే కత్తితో గీరాడు. తెల్ల రంగు కింద నుంచి ముద్దబంతి రంగు బయటపడింది. అతను భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు రోజాతో. "ఆ రోజు నేను విననే లేదు."

"ఇప్పుడు విన్నావు గదా మామా," అంది రోజా. "అది చాలని మాత్రం అననులే. చాలదు."

సాయంత్రానికి నాలుగు ఊళ్ళ కాపులు షెడ్డు ముందు కూడారు. ఆ పచ్చ పడవ ఊరికే ఇస్తాను, కేసు లేకుండా చూడమని పెంచలప్రసాద్ బతిమాలుకున్నాడు. కాపులు ముసలమ్మను అడిగారు. ఆమె ఆ పడవ వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

"నా కొడుకు ఖరీదు పడవ కాదు. ఈ షెడ్డులో పాత పడవలన్నీ కోసి చూపించాల. అందరూ చూడాల."

గ్రైండరు రోజాయే పట్టింది. ఒక్కొక్క పడవనే కొట్టి చూసుకుంటూ పోయి, మోత చచ్చినచోట కోసింది. తెల్ల దుమ్ము లేచి ఆమె జుట్టూ కనుబొమలూ నెరిసినట్టయ్యాయి. ఏడు పాత పడవల్లో నాలుగింటికి అతుకులు బయటపడ్డాయి. ఒకదాని దగ్గర, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చిన మాల్యాద్రి అనే అతను, ఆ వారమే బయానా ఇచ్చినవాడు, తల పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. అతనికి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ ఆ పడవలో పోవలసినవాళ్ళు. లేచి పెంచలప్రసాద్ మీదకు పోబోతే రోజాయే అడ్డం నిలబడింది.

"ఉండన్నా. వాడు ఇంకా ఒక పని చెయ్యాల."

ఏం చెయ్యాలో ఎవరూ ఆమెను అడగలేదు. పెంచలప్రసాద్ తెల్ల చొక్కాతో ఇసకలో బోర్లా పడుకున్నాడు. చేతులు చాపాడు. రోజా ముందు నిలబడి ఉంది. గాలి వీస్తోంది, ఎక్కడో కొంగలు అరుస్తున్నాయి. ఆమె లెమ్మనలేదు. ఇసక మీద కూర్చుని, పొద్దున కట్టుకొచ్చిన సద్దిమూట విప్పి, అత్తకు సగం పెట్టి, తాను సగం తిన్నది. చెయ్యి కడుక్కున్నది. అప్పుడు లెమ్మన్నది.

కాపులు దురాయి వేశారు. అంటే ఊళ్ళన్నీ కలిసి పెట్టుకునే కట్టు. సరస్సు చుట్టూ ఏ మత్స్యకారుడూ పెంచలప్రసాద్ దగ్గర పడవ కొనకూడదు, అమ్మకూడదు, చివరికి మేకు కూడా కొట్టించుకోకూడదు. మర్నాడు ముత్యాలయ్యే వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. ఆ కేసు నడుస్తూనే ఉంది. షెడ్డు మాత్రం మూడు నెలల్లో మూతపడింది.

వాళ్ళు పడవ కొన్నది రోజా పనిచేసిన షెడ్డులోనే. కొన్నది అనేకంటే చేసుకున్నది అనాలి. పద్దెనిమిది అడుగులది. మ్యాటు మూడు పొరలూ రోజా తన చేత్తోనే పరిచింది. ముసలమ్మ పక్కన కూర్చుని ఎక్కడ గాలి బుడగ కనపడినా వేలితో చూపించి సరిచేయించింది. రంగు ఏది వెయ్యాలని బెన్హర్ అడిగితే ఇద్దరూ ఒక్కసారే, ఏమీ వద్దన్నారు. రంగు కింద ఏముందో ఎవరూ ఊహించుకోనక్కరలేని పడవ కావాలి వాళ్ళకు. ఇప్పుడు తెల్లవారగానే అత్త గెడ వేస్తుంది, కోడలు వల విడుస్తుంది. పీతలు పడిన రోజు సూళ్లూరుపేట మార్కెట్టుకు రోజాయే పోతుంది.

అక్కడే ఒకరోజు పెంచలప్రసాద్ ఎదురయ్యాడు. ఎవరిదో రొయ్యల మేత దుకాణంలో గుమాస్తాగా ఉంటున్నాడట. చొక్కా మాసింది. మనిషి చిక్కాడు. ఆమె పీతల బుట్ట ముందు ఆగి అడిగాడు.

"షెడ్డు పోయింది. ఇల్లు అమ్ముకున్నా. కోర్టు చుట్టూ తిరగతా ఉండా. ఇంకా నా మీద కోపం పోలేదామ్మా నీకు?"

రోజా ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేక నిజంగానే ఆలోచించింది.

"పోలేదు," అంది. "పోనివ్వను కూడా."

అతను ఇంకేదో అనబోయాడు. అంతలో ఎవరో వచ్చి పీతలు ఎంతకిస్తావని అడిగితే, ఆమె అటు తిరిగి బతికి ఉన్న పెద్ద పీతను ఒకదాన్ని ఎత్తి చూపించింది.